డీజిల్ బస్సు తర్వాత నగరానికి ఏ బస్సు? హైబ్రిడ్, గ్యాసు, కరెంటు, హైడ్రోజన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కిటికీ సీటు | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. పన్నెండేళ్ళుగా రోజూ రెండు పూటలా సిటీ బస్సులోనే తిరుగుతున్నాను. నిన్న సాయంత్రం స్టాపులో ఒక పాత డీజిల్ బస్సు ఆగి, మళ్ళీ కదిలేటప్పుడు నల్లటి పొగ వదిలింది. ఆ పొగగొట్టం పక్కనే నిలబడ్డ మూడేళ్ళ పాప ముఖానికి సరిగ్గా సమాన ఎత్తులో ఉంది. వాళ్ళమ్మ అరచేత్తో పాప ముక్కు మూసేసింది. రాత్రంతా అదే కళ్ళ ముందు కదిలింది.

పాత బస్సులు మార్చాలని అందరూ ఒప్పుకుంటున్నారు. దేనికి మార్చాలంటే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఒకరు గ్యాసు అంటారు, ఒకరు హైబ్రిడ్ అంటారు, ఇంకొకరు అవన్నీ దండగ, నేరుగా కరెంటు బస్సులే కొనాలంటారు. రవాణా సంస్థ వాళ్ళు ప్రయాణికులని సలహాలు రాసి పంపమన్నారు, పది రోజుల గడువుంది. ఊరికే "కాలుష్యం తగ్గించండి" అని రాస్తే పక్కన పడేస్తారు. చదివినవాళ్ళు ఆగి ఆలోచించేలా రాయాలని నా ఆశ. ఇక్కడ డిపోల్లో పనిచేసినవాళ్ళు, డ్రైవర్లు ఉన్నారని తెలుసు. దయచేసి చెప్పండి.

గ్రీజు చేతులు | సోమవారం, ఉదయం 9:15

అమ్మా, ఇరవై ఆరేళ్ళు బస్సుల వర్క్‌షాపులో పనిచేశాను. ఏ ఇంధనం మంచిదని అడిగేముందు ఆ బస్సు రోజంతా ఏం చేస్తుందో చూడాలి. సిటీ బస్సు పరిగెత్తేదానికన్నా ఆగేదే ఎక్కువ. కదలడం, నాలుగు వందల మీటర్లు వెళ్ళడం, ఆగడం. పొద్దుటినుంచి రాత్రిదాకా అంతే. డీజిల్ ఇంజనుకి ఇంతకన్నా పడని పని లేదు. ఒకే వేగంతో గంటలకొద్దీ లాగమంటే అది చక్కగా లాగుతుంది. నిలబడ్డచోటి నుంచి 16 టన్నులని పదేపదే కదిలించమంటేనే పొగ కక్కుతుంది. మీరు చూసిన నల్లపొగ ఆ కదిలే క్షణానిదే.

డీజిల్ ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ పుట్టింది సరిగ్గా ఈ రోగానికే. అందులో రెండు రకాలున్నాయి. మొదటిదాంట్లో ఇంజనుకీ చక్రాలకీ సంబంధం ఉండదు. ఇంజను జనరేటర్ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటారు చక్రాలని తిప్పుతుంది. దీన్ని సిరీస్ అంటారు. రెండోది ప్యారలల్. ఇంజనూ మోటారూ రెండూ కలిసి చక్రాలని లాగగలవు. కదిలేటప్పుడు మోటారు సాయం పడుతుంది, వేగం అందుకున్నాక ఇంజను చూసుకుంటుంది. అడుగడుక్కీ ఆగే రూటుకి సిరీస్ బాగుంటుంది, కొంచెం దూరాలు పరిగెత్తే రూటుకి ప్యారలల్ నయం.

రెండింటిలోనూ అసలు లాభం బ్రేకు దగ్గర ఉంది. మామూలు బస్సులో బ్రేకు తొక్కగానే ఆ వేగమంతా డ్రమ్ముల్లో వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో అదే మోటారు వెనక్కి జనరేటర్‌లా తిరిగి, ఆ శక్తిని బ్యాటరీలో వేస్తుంది. దాంతో బ్రేకు లైనర్లు కూడా చాలాకాలం వస్తాయి. నా చేతులతో విప్పి చూసిన విషయమిది. మామూలు బస్సు లైనరు అరిగి రివెట్లు కనబడే సమయానికి, అదే రూటులో తిరిగిన హైబ్రిడ్ బస్సు లైనరు ఇంకా బొటనవేలంత మందంగా ఉండేది.

నల్లపలక | సోమవారం, మధ్యాహ్నం 1:05

గ్రీజు చేతులు గారు చెప్పినదాన్ని లెక్కలో పెట్టి చూద్దామనిపించింది. పిల్లలకి భౌతికశాస్త్రం చెప్తాను, ఇది మా తొమ్మిదో తరగతి సూత్రమే.

జనంతో నిండిన బస్సు బరువు 16 టన్నులు, వేగం గంటకి 40 కి.మీ. అనుకుందాం. అప్పుడు దానిలో ఉన్న గతిశక్తి సుమారు 10 లక్షల జౌళ్ళు, అంటే దాదాపు 0.27 యూనిట్ కరెంటు. లీటరు డీజిల్‌లో 10 యూనిట్ల వేడి ఉంటుంది. ఇంజను, గేర్‌బాక్స్ తినేది పోను చక్రం దగ్గరికి 3 యూనిట్లు చేరితే గొప్ప. ఆ లెక్కన 40 వేగం నుంచి ఒక్కసారి ఆగితే 90 మిల్లీలీటర్ల డీజిల్ బ్రేకుల పాలు. ట్రిప్పులో 40 సార్లు ఆగితే మూడున్నర లీటర్లు. ఆ ట్రిప్పు మొత్తానికి తాగేదే ఏడు, ఎనిమిది లీటర్లు.

అంటే కొన్న డీజిల్‌లో దాదాపు సగంతో మనం బ్రేకులు వేడి చేస్తున్నాం. ఈ లెక్క వేసి నేనే కాసేపు నమ్మలేకపోయాను.

దీన్నంతా వెనక్కి రాబట్టలేం. మోటారులో కొంత, బ్యాటరీలోకి వెళ్ళేటప్పుడు కొంత, బయటికి వచ్చేటప్పుడు కొంత పోతుంది. సగం చేతికొస్తే మంచి బండి.

ఆకుపచ్చ | సోమవారం, మధ్యాహ్నం 3:30

ఇవన్నీ నిజమే గానీ సగం దారిలో ఎందుకు ఆగడం? చైనాలో షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా తన బస్సులన్నిటినీ బ్యాటరీ బస్సులుగా మార్చేసింది. ఒకటీ రెండూ కాదు, 16 వేలకి పైగా. హైబ్రిడ్ ఎంత ఆదా చేసినా పొగగొట్టం పొగగొట్టమే. కిటికీ సీటు గారు చెప్పిన పాప ముందు ఆ గొట్టం అసలు ఉండకూడదు. పైగా అమెరికాలో సియాటిల్ వాళ్ళు హైబ్రిడ్లు తెచ్చి 27 శాతం డీజిల్ మిగిల్చామని చెప్పుకున్నారు. మిగతా 73 శాతం మండుతూనే ఉందిగా!

నల్లపలక | సోమవారం, సాయంత్రం 4:10

ఆకుపచ్చ గారూ, చిన్న దిద్దుబాటు. సియాటిల్ ప్రాంతపు పొడవాటి జంట బస్సుల మీద 2006లో వచ్చిన నివేదికలో ఉన్నది మైలేజీ 27 శాతం పెరిగిందని. మైలేజీ 27 శాతం పెరిగితే డీజిల్ తగ్గేది 21 శాతమే. 1ని 1.27తో భాగించి చూడండి. అమ్మేవాళ్ళు ఎప్పుడూ మైలేజీ అంకె చెప్తారు, కొనేవాళ్ళు డీజిల్ అంకె అడగాలి. ఈ తేడా తెలియక ఒప్పందాలు రాసుకుంటే తర్వాత బాధపడాలి. మీ వాదన బలం దీనివల్ల తగ్గదు, పెరుగుతుంది కూడా.

స్టీరింగు | సోమవారం, రాత్రి 10:50

ఇప్పుడే డ్యూటీ దిగి చదివాను. పద్దెనిమిదేళ్ళు డీజిల్ నడిపి, గత రెండేళ్ళుగా బ్యాటరీ బస్సు నడుపుతున్నాను. ఇంధనం మాట వచ్చినప్పుడల్లా పొగ గురించే మాట్లాడతారు, డ్రైవరు కాలు గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంజను ముందున్న డీజిల్ బస్సులో ఆ బానెట్టు మన మోకాలి పక్కనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ట్రిప్పులో ప్యాంటు గుడ్డ మీద చెయ్యి పెడితే కాలేది. రద్దీలో ఒక్క ట్రిప్పుకి ఎన్ని వందల సార్లు క్లచ్ తొక్కుతామో లెక్కేలేదు. ఇంటికొచ్చాక మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకునేవాణ్ణి. బ్యాటరీ బస్సుకి మారిన మూడో వారం, రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మా ఆవిడ "ఏంటి, ఇవాళ అరవకుండా మాట్లాడుతున్నావు" అంది. ఇంజను హోరులో అరిచి అరిచి అదే నా గొంతు అయిపోయిందని నాకప్పటిదాకా తెలియదు.

నడపడం మాత్రం మళ్ళీ నేర్చుకోవాలి. యాక్సిలేటర్ మీద కాలు తీస్తేనే బండి బలంగా తగ్గుతుంది, అదే కరెంటు వెనక్కి వెళ్ళే సమయం. ముందున్న సిగ్నల్ చూసి వంద మీటర్ల ముందే కాలు తేలిక చేసేవాడికి బ్యాటరీ మిగులుతుంది. చివరిదాకా దూసుకెళ్ళి బ్రేకు కొట్టేవాడికి అదే బండి, అదే రూటు, ఒక ట్రిప్పు తక్కువ వస్తుంది. బస్సు మార్చినవాళ్ళు మాకు శిక్షణ కూడా సరిగ్గా ఇవ్వాలి. రెండు రోజుల తరగతి సరిపోదు.

ఇంకోటి, చప్పుడు లేకపోవడం. స్టాపులో జనం వెనక్కి తిరగకుండానే రోడ్డు మీదికి అడుగేస్తారు. యూరప్‌లో ఈ బస్సులు తక్కువ వేగంలో వెళ్ళేటప్పుడు శబ్దం చేయాలని నిబంధన పెట్టారు. అలాంటిది అన్నిచోట్లా ఉండాలి. కళ్ళు కనబడనివాళ్ళకి బస్సు శబ్దమే దారి.

రసాయనం | మంగళవారం, ఉదయం 8:20

గ్యాసుని ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి ఆ పక్షం నేను చెప్తాను.

ఢిల్లీ కథ అందరూ తెలుసుకోవాల్సింది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 1998 జులై 28న ఆదేశమిచ్చింది, 2001 మార్చి 31 కల్లా నగర బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని. గడువు దాటిపోయింది, పొడిగించారు. గ్యాసు నింపే కేంద్రాలు చాలక బస్సులు కిలోమీటర్ల కొద్దీ వరసల్లో నిలబడ్డాయి. చివరికి 2002 డిసెంబరు నాటికి మార్పు పూర్తయింది. ప్రపంచంలోనే అతి పెద్ద సీఎన్‌జీ బస్సుల సముదాయాల్లో ఒకటి అలా తయారైంది. అది సాధ్యమేనని అంతకుముందు నమ్మినవాళ్ళు తక్కువ.

సీఎన్‌జీ అంటే ఎక్కువ భాగం మీథేన్. దాన్ని 200 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) ఒత్తిడితో సిలిండర్లలో కుదించి పెడతారు. అది మండితే మసి దాదాపు రాదు. మీరు చూసిన నల్లపొగ ఆ రోజే మాయమవుతుంది. కానీ రెండో పక్కా నిజాయితీగా చెప్పాలి. మండకుండా తప్పించుకున్న మీథేన్ వాతావరణాన్ని వేడెక్కించడంలో వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్ల వరకు బలమైనది. పైపుల కీళ్ళ దగ్గర, ఇంజనులో, నింపే చోట కొంచెం కొంచెం లీకైనా లాభం కరిగిపోతుంది. ఊపిరితిత్తులకి గ్యాసు మేలు చేసింది, వాతావరణానికి అంత మేలు చేయలేదు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి మాట్లాడటం వల్లే గొడవంతా.

అదే మీథేన్‌ని చెత్త నుంచి, మురుగు నుంచి తీస్తే కథ మారుతుంది. స్వీడన్‌లో లిన్‌షాపింగ్ నగరం కబేళా వ్యర్థాల నుంచి తీసిన బయోగ్యాసుతో సిటీ బస్సులు నడిపింది. ఇంగ్లండ్‌లో 2014లో మనుషుల మలం, పారేసిన ఆహారం నుంచి వచ్చిన గ్యాసుతో 40 సీట్ల బస్సొకటి తిరిగింది. కుళ్ళిపోతే ఎలాగూ గాల్లో కలిసే మీథేన్ అది. పట్టి మండించడమే మంచిది. ఎంత దొరుకుతుందన్నదే సమస్య. ఒక నగరం చెత్తతో ఆ నగరం బస్సులన్నీ నడవవు.

చివరి స్టాపు | మంగళవారం, ఉదయం 9:00

ఇథనాల్ సంగతేంటి సార్? చెరకు నుంచి తీసేది.

రసాయనం | మంగళవారం, ఉదయం 9:25

స్టాక్‌హోమ్‌లో 1980ల చివరి నుంచీ ఇథనాల్ బస్సులు తిరిగాయి. మామూలుగా ఇథనాల్ డీజిల్ ఇంజనులో తనంతట తాను అంటుకోదు. అందుకని ఇంజను కుదింపు నిష్పత్తిని, అంటే లోపలి గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్కని, 28కి 1 దాకా పెంచి, ఇంధనంలో అంటుకోవడానికి సాయపడే మందు కలిపారు. పనిచేసింది. లీటరు ఇథనాల్‌లో డీజిల్‌లో ఉన్న శక్తిలో అరవై శాతమే ఉంటుంది కాబట్టి ట్యాంకు పెద్దది కావాలి. దాన్ని పండించే నేల, నీళ్ళ లెక్క వేరే ఉంది, అదిక్కడ మొదలుపెడితే తేలదు.

నీలి మంట | మంగళవారం, మధ్యాహ్నం 12:45

హైడ్రోజన్! పొగగొట్టం నుంచి నీటి ఆవిరి తప్ప ఏమీ రాదు. పది నిమిషాల్లో నిండుతుంది. బ్యాటరీ బరువు గొడవ లేదు. 2003లోనే యూరప్‌లో తొమ్మిది నగరాలు 27 హైడ్రోజన్ బస్సులు నడిపి చూశాయి. ఇరవై ఏళ్ళు దాటినా మనం ఇంకా బ్యాటరీ దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంది.

తీగల దారి | మంగళవారం, మధ్యాహ్నం 2:30

నీలి మంట గారూ, మీ ఉత్సాహం నాకూ ఉండేది. రెండు అనుభవాలు చదివాక తగ్గింది. కెనడాలో విస్లర్ పట్టణం 2010 శీతాకాల ఒలింపిక్స్ కోసం 20 హైడ్రోజన్ బస్సులు తెచ్చింది. అప్పట్లో ఒక్కచోట తిరిగిన అతి పెద్ద సముదాయం అదే. హైడ్రోజన్ మాత్రం దేశం అవతలి వైపున్న క్యుబెక్ నుంచి డీజిల్ లారీల్లో వచ్చేది. 2014లో ఆపేశారు. ఫ్రాన్స్‌లో మోంపెల్యే నగరం 51 బస్సులకి పథకం వేసుకుని, 2022 జనవరిలో వదిలేసింది. కిలోమీటరుకి అయ్యే ఖర్చు బ్యాటరీ బస్సుకంటే ఆరు రెట్లు ఉంటుందని తేలింది.

కారణం సులువు. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, 350 బార్ దాకా కుదించి, బస్సులో మళ్ళీ కరెంటుగా మార్చేసరికి మొదట పెట్టిన 100 యూనిట్లలో చక్రానికి చేరేది 30 దాకా. అదే కరెంటు నేరుగా బ్యాటరీలో పెడితే 70 పైనే చేరుతుంది. పైగా ఇవాళ ప్రపంచంలో తయారవుతున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి వస్తున్నదే.

ఇప్పుడు నాకిష్టమైన విషయానికొస్తాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. అసలు బ్యాటరీ ఎందుకు మొయ్యాలి? 1882 ఏప్రిల్ 29న బెర్లిన్ శివారులో వెర్నర్ ఫాన్ సీమెన్స్ పైన తీగల నుంచి కరెంటు తీసుకునే బండిని రోడ్డు మీద నడిపాడు. ట్రాలీబస్సుకి అదే మొదలు. ముంబైలో 1962 నుంచి 1971 దాకా తిరిగాయి. తీగలు ఉన్నంత మేరే వెళ్ళగలదనేది దాని లోపం. ఇప్పుడది పోయింది. చిన్న బ్యాటరీ పెట్టి, దారిలో కొంత భాగంలో తీగల కింద నడుస్తూనే ఛార్జ్ చేసుకుని, మిగతాది బ్యాటరీ మీద వెళ్తున్నాయి. జ్యూరిక్ లాంటి నగరాల్లో చూడొచ్చు. కూడళ్ళలో ఆ తీగల సాలెగూడు అవసరం లేదు.

ఇంకో అద్భుతం చెప్పకుండా ఉండలేను. స్విట్జర్లాండ్‌లో ఇవెర్దోన్ అనే చోట 1953 నుంచి 1960 దాకా గైరోబస్సు తిరిగింది. బస్సు నేల కింద ఒకటిన్నర టన్నుల ఉక్కు చక్రం, నిమిషానికి 3,000 సార్లు తిరుగుతూ ఉంటుంది. స్టాపులో పైన స్తంభానికి తగిలించి కరెంటుతో చక్రాన్ని తిప్పుతారు. తర్వాత ఆ తిరిగే చక్రం ఊపు నుంచే కరెంటు తీసుకుని ఆరు కిలోమీటర్ల దాకా వెళ్తుంది. బ్యాటరీ లేదు, ఇంజను లేదు. స్టాపులో కాసేపు శక్తి నింపుకుని కదలడమనే ఆ ఆలోచనే 2006లో షాంఘైలో సూపర్ కెపాసిటర్ (కరెంటుని చాలా త్వరగా నింపుకుని వదిలే పరికరం) బస్సుల రూపంలో మళ్ళీ కనబడింది.

మెయిన్ స్విచ్ | మంగళవారం, రాత్రి 9:40

విద్యుత్ సరఫరా వైపు నుంచి ఒక మాట. బ్యాటరీ బస్సు అంటే అందరూ బస్సునే చూస్తారు. నేను డిపో గేటు బయట ఉన్న తీగని చూస్తాను.

12 మీటర్ల బస్సు కిలోమీటరుకి 1.2 యూనిట్లు తింటుందనుకోండి, ఏసీ ఉంటే ఇంకా పైన. రోజుకి 200 కి.మీ. తిరిగితే 240 యూనిట్లు. డిపోలో 100 బస్సులుంటే రాత్రికి 24 వేల యూనిట్లు. ఆఖరి బస్సు లోపలికి వచ్చి మొదటి బస్సు బయటికి వెళ్ళేలోపు మధ్యలో ఐదు గంటలే ఖాళీ. అంటే దాదాపు 5 మెగావాట్లు. అది ఒక డిపోకి సాధారణంగా ఉన్న కనెక్షన్‌తో అయ్యే పని కాదు. కొత్త లైను, కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు, వాటికి స్థలం, అనుమతులు కావాలి. బస్సులు నెలల్లో వస్తాయి, లైను ఏళ్ళు పట్టొచ్చు. బస్సులొచ్చి ప్లగ్గు లేక షెడ్డులో ఎండకి ఎండటం నేను చూశాను. ఏ సంస్థో చెప్పను, కానీ తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను. బస్సుల టెండరూ కరెంటు దరఖాస్తూ వేర్వేరు విభాగాల్లో, వేర్వేరు నెలల్లో కదిలాయి.

అందుకే ఆకుపచ్చ గారూ, హైబ్రిడ్‌ని చులకన చేయకండి. దానికి డిపోలో కొత్త తీగ ఒక్కటీ అక్కర్లేదు. లైను వచ్చేదాకా ఉన్న ఏళ్ళలో ఆ పొగలో కొంతైనా తగ్గించగలిగేది అదే.

ఆకుపచ్చ | మంగళవారం, రాత్రి 10:15

ఇది నేను ఆలోచించని కోణం. ఒప్పుకుంటున్నాను. అయితే హైబ్రిడ్ కొంటే అది పన్నెండేళ్ళు తిరుగుతుంది. లైను రెండేళ్ళలో వచ్చేస్తే, మిగతా పదేళ్ళు ఆ డీజిల్ పొగని మనమే కొనిపెట్టుకున్నట్టు. లైను పనులు మొదలైన డిపోలో మాత్రం హైబ్రిడ్ కొనకూడదనేది నా మాట.

చివరి స్టాపు | బుధవారం, ఉదయం 6:55

బ్యాటరీ బస్సులు కాలిపోతున్నాయని వింటుంటే ఎక్కాలంటే భయమేస్తోంది. నిజం చెప్పండి.

మెయిన్ స్విచ్ | బుధవారం, ఉదయం 8:10

భయం సహజం, దాచాల్సిందేం లేదు. 2021 సెప్టెంబరులో జర్మనీలో స్టుట్‌గార్ట్ డిపోలో మంటలొచ్చి 25 బస్సులు కాలిపోయాయి. 2022 ఏప్రిల్‌లో పారిస్‌లో రెండు బస్సులు మండితే, అదే రకం బస్సులు 149 తాత్కాలికంగా పక్కన పెట్టారు. అక్కడ ఎవరికీ గాయాలు కాలేదు. డీజిల్ బస్సులూ కాలతాయి, అది కొత్త కాదు. లిథియం బ్యాటరీ మంటకి తేడా ఏమిటంటే, ఆరినట్టే ఆరి గంటల తర్వాత మళ్ళీ అంటుకోగలదు, పక్క బస్సుకి పాకుతుంది. బ్యాటరీ రసాయనాన్ని బట్టి కూడా ఉంటుంది. ఐరన్ ఫాస్ఫేట్ రకం కాస్త బరువెక్కువైనా వేడికి త్వరగా లొంగదు, అందుకే బస్సుల్లో దానివైపు మొగ్గు. డిపోలో బస్సుకీ బస్సుకీ మధ్య ఖాళీ, వరసల మధ్య అడ్డుగోడ, పొగ పసిగట్టే ఏర్పాటు ఉన్నాయా అని అడగండి. అడిగే హక్కు ప్రయాణికులకి ఉంది.

గ్రీజు చేతులు | బుధవారం, మధ్యాహ్నం 1:30

ఒక బాధ చెప్పుకోవాలి. మా వర్క్‌షాపుకి కొన్ని హైబ్రిడ్లు వచ్చాయి. మొదటి ఏడాది ముద్దుగా నడిచాయి. తర్వాత ఒకదానికి, బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టరుని చల్లబరిచే చిన్న నీళ్ళ పంపు పాడైంది. అరచేతిలో పట్టేంత పంపు. పంపు పాడైతే ఇన్వర్టరు వేడెక్కుతుంది, బండి తనని తాను ఆపేసుకుంటుంది. పంపు మా స్టోర్లో లేదు. లోపం చదివే ల్యాప్‌టాప్ అమ్మినవాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళ మనిషి రావడానికి వారాలు, సామాను రావడానికి నెలలు పట్టింది. ఆ బస్సు టైర్లలో గాలి దిగి, అద్దాల మీద దుమ్ము పేరుకుని, అలాగే గోడ పక్కన నిలబడిపోయింది. దాన్ని చూసిన ప్రతివాడూ "హైబ్రిడ్ పనికిరాదు" అన్నాడు. పనికిరానిది బండి కాదు, ఆ ఒప్పందం.

మా కుర్రాళ్ళకి నేర్చుకోవాలని ఎంత ఆశ! నారింజ రంగు తీగ కనబడితే వందల వోల్టులని గుర్తు. రబ్బరు చేతి తొడుగులు వేసుకోకుండా ముట్టుకోకూడదు. బ్యాటరీని విడదీసే సర్వీసు ప్లగ్గు లాగేశాక కూడా కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగేదాకా నిమిషాలు లెక్కపెట్టుకుని ఆగాలి. అవన్నీ మేం వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నేర్చుకున్నాం. అలా నేర్చుకోవాల్సిన విద్య కాదది, ప్రాణాలు పోతాయి.

ఇంకో సంగతి బయట ఎవరూ చెప్పరు. కొత్త డీజిళ్ళలో పొగని శుభ్రం చేసే యంత్రం యూరియా ద్రావణంతో పనిచేస్తుంది. అది పనిచేయాలంటే పొగ సుమారు 200 డిగ్రీలు దాటి వేడిగా ఉండాలి. హైబ్రిడ్‌లో ఇంజను మాటిమాటికీ ఆగుతుంది కాబట్టి ఆ గొట్టం చల్లబడుతుంది. అప్పుడు డీజిల్ తగ్గినా విషవాయువు తగ్గదు. తయారుచేసేవాళ్ళు దీన్ని సరిచూసుకుని ఉంటేనే లాభం. కొనేముందు నిజమైన రూటులో, నిజమైన రద్దీలో పొగ కొలిచి చూపించమనాలి.

కిటికీ సీటు | శుక్రవారం, సాయంత్రం 7:20

మీ అందరికీ ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. రెండు రోజులు సెలవు పెట్టి, నోటు పుస్తకం పట్టుకుని రెండు రూట్లలో మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా తిరిగాను. డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటే స్పీడు ముల్లు కనబడుతుంది.

మొదటిది నేను రోజూ ఎక్కే రూటు. 18 కి.మీ. స్టాపులు 34. సిగ్నళ్ళు, రద్దీ కలిపి ఇంకో 29 సార్లు ఆగింది. మొత్తం 63. ముల్లు 40 దాటింది తక్కువ, ఎక్కువసార్లు 30 దగ్గరే మళ్ళీ కిందికి వచ్చింది. 95 నిమిషాల ప్రయాణంలో ఇంజను ఆన్‌లో ఉండి బస్సు కదలనిది 22 నిమిషాలు. చేతి గడియారంతో రాసుకున్నాను. ఇంజను అలా ఊరికే మండుతుంటే కిటికీ అద్దం వణుకుతూ ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ వణుకుని నేనెప్పుడూ గమనించలేదు.

రెండోది బయటి రోడ్డు మీద వెళ్ళేది. 31 కి.మీ., 11 సార్లే ఆగింది, చాలాసేపు 60 మీద ఉంది.

మాస్టారూ, మీరు లెక్క కట్టి పెడితే ఉత్తరంలో రాస్తాను.

నల్లపలక | శుక్రవారం, రాత్రి 9:00

అమ్మా, ఇలాంటి పుస్తకం రాసే విద్యార్థి ఒక్కరున్నా నాకు చాలు.

మొదటి రూటు: 30 వేగం నుంచి ఆగినప్పుడు పోయేది సుమారు 0.15 యూనిట్. 63 సార్లకి పది యూనిట్లకి కొంచెం తక్కువ. సగం తిరిగొస్తే ఒకటిన్నర లీటర్ల పైన డీజిల్. ఊరికే నిలబడ్డ 22 నిమిషాలకి, గంటకి 2 లీటర్లు అనుకుంటే, ఇంకో ముప్పావు లీటరు. ట్రిప్పుకి ఏడు లీటర్ల దగ్గర తాగే బండిలో రెండు లీటర్ల పైన ఆదా.

రెండో రూటులో హైబ్రిడ్‌తో ఏమీ రాదనుకుని మొదలుపెట్టాను. అది తప్పని తేలింది. ఆగింది 11 సార్లే అయినా 60 నుంచి ఆగింది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు కదా. ఒక లీటరు పైన వస్తుంది. కానీ ఆ ట్రిప్పుకి తాగేది పది లీటర్లు. అంటే నూటికి పదో, పదకొండో. మొదటి రూటులో నూటికి ముప్పై. రెండూ అంచనాలే, ఉత్తరంలో అలాగే రాయండి.

స్టీరింగు | శుక్రవారం, రాత్రి 11:10

అక్కా, ఒకటి రాసుకోలేదు మీరు. చివరి స్టాపులో బస్సు ఎంతసేపు ఆగుతుంది? పది నిమిషాలు దాటితే అక్కడే పైనుంచి చెయ్యి లాంటి పరికరాన్ని దించి ఛార్జ్ చేయొచ్చు, అప్పుడు చిన్న బ్యాటరీతో సరిపోతుంది, డిపో మీద భారం తగ్గుతుంది. టైంటేబుల్లో రాసిన నిమిషాలు నమ్మకండి. రద్దీకి ఆలస్యమైతే మేం ఆ విరామాన్నే తినేస్తాం, కనీసం నీళ్ళు తాగడానికి కూడా దిగం. నిజంగా ఆగేది ఎంతో చూడాలి.

గ్రీజు చేతులు | శనివారం, ఉదయం 6:30

ఉత్తరంలో నా మాటగా ఇది చేర్చమ్మా: ఏ బస్సు కొన్నా, విడిభాగాలు డిపో స్టోర్లోనే ఉంచాలని, లోపం చదివే యంత్రం మా చేతికే ఇవ్వాలని, బస్సు ఆగిపోయిన ప్రతి రోజుకీ అమ్మినవాళ్ళే జవాబు చెప్పాలని ఒప్పందంలో రాయించమను.

కిటికీ సీటు | శనివారం, ఉదయం 7:05

మీ మాట మీ మాటల్లోనే రాశాను. మొదటి రూటుకి, లైను వచ్చే డిపో అయితే బ్యాటరీ బస్సు, రాకపోతే హైబ్రిడ్ అని రాశాను. స్టీరింగు గారు అడిగిన నిమిషాల కోసం సోమవారం పొద్దున మొదటి ట్రిప్పు నుంచి చివరి స్టాపులోనే కూర్చుంటాను. సాయంత్రం రద్దీలో ఆగే సమయం కూడా కావాలి, నేనొక్కదాన్నే రెండు పూటలూ ఉండలేను. ఎవరైనా గడియారం పట్టుకుని రాగలరా?

చివరి స్టాపు | శనివారం, ఉదయం 7:30

సాయంత్రం 5 నుంచి 8 దాకా నేను కూర్చుంటాను. ఏమేం రాసుకోవాలో చెప్పండి.